అతంద్ర

కాశిబుగ్గ, వరంగల్
జనవరి 12

పూజ్యులు సావిత్రి టీచర్ గారికి,
స్నేహలత నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మీ మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. కర్ర లేకుండా వాకిలి దాకా నడవగలుగుతున్నారా? ఫోన్ చేస్తే మీకు వినబడదు. మెసేజ్ పెడితే "అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఉత్తరం రాయి" అంటారు. నాకూ ఇదే బాగుంది. బడి వదిలాక నా చేతిరాత చూసేవాళ్ళు మీరొక్కరే.

నాకు పని దొరికింది టీచర్. డిగ్రీ అయ్యాక ఆరు నెలలు తిరిగి తిరిగి, చివరికి అమ్మ పనిచేసే మిర్చి షెడ్డులోనే రాత పనికి కుదిరాను. ఏనుమాముల మార్కెట్ దారిలో ఉంటుంది. నలభై మంది ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఎండు మిరపకాయల తొడిమెలు తీస్తారు, రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పడేస్తారు. పక్క గదిలో కారం పట్టే మిషన్ ఉంది. నేను అద్దాల గదిలో కుర్చీ మీద కూర్చుని ఎవరు ఎన్ని గంపలు తీశారో పుస్తకంలో రాస్తాను. మా ఇంట్లో కుర్చీ మీద కూర్చుని పనిచేసే మొదటి మనిషిని నేనే. మొదటి రోజు అమ్మ అద్దంలోంచి నన్ను ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది, మీకు నవ్వు వస్తుంది. గంట కొట్టడాలు లేవు. షెడ్డులో ఘాటు పెరిగి ఊపిరి ఆడకుండా అయినప్పుడు అమ్మ తన ముందున్న ఖాళీ గంపను బోర్లిస్తుంది. అది చూసి అందరూ చేతిలోని కాయ అక్కడే వదిలి బయటికి వెళ్తారు. ముఖాలు కడుక్కుని, మండే చేతులకు మజ్జిగ రాసుకుని, లోపల గాలి తేలికయ్యే దాకా రేకుల పంచన కూర్చుంటారు. ఈ పని అమ్మే ఎందుకు చేస్తుందంటే ఆమెకు దమ్ము జబ్బు ఉంది. మీకు తెలుసు కదా, చలికాలం ఎట్లా ఆయాసపడేదో. ఘాటు అందరికంటే ముందు ఆమె గొంతులోనే తెలుస్తుంది. "మా సమ్మక్క ముక్కే మాకు మీటరు" అంటుంది భవాని వదిన. ఆమె మా పక్కింటి మనిషి, అమ్మ పక్కనే కూర్చుంటుంది.

పెద్ద సేటు వెంకట్రాజం గారు ఉన్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదట. ఇప్పుడు వాళ్ళ అబ్బాయి శశాంక్ సార్ చూసుకుంటున్నారు. మంచి మనిషి. ఒక్కరినీ కసురుకోరు. మొన్న నన్ను పిలిచి అన్నారు: "రోజుకు ఆరేడుసార్లు నలభై మంది లేస్తే పనెట్ల నడుస్తది స్నేహా? లేవద్దంటే నేను చెడ్డోణ్ణయిత. లేవనోళ్ళను మెచ్చుకుందం." నెలకొకసారి ఒకరి పేరు, ఫోటో బోర్డు మీద పెట్టి, ఇత్తడి బిళ్ళ ఇస్తారట. దానికి ఒక బిరుదు కావాలి. "బెస్ట్ వర్కర్ అని అందరు పెడ్తరు. మనది అసలైన తెలుగు మాట ఉండాలె. ఎవ్వరు విననిది. సదువుకున్నదానివి నువ్వే కదా, దేవులాడు" అన్నారు.

కష్టజీవి అన్నాను. పనిమంతురాలు అన్నాను. పాతబడ్డాయన్నారు. మీ దగ్గర తప్పకుండా ఉంటుంది టీచర్. అలుపు లేకుండా పనిచేసే మనిషికి, బాగా అరుదైన మాట ఒకటి పంపండి.

మీ విద్యార్థిని,
స్నేహలత


రఘునాథపల్లి
జనవరి 20

చిరంజీవి స్నేహలతకు,
ఆశీస్సులు.

కర్ర లేకుండా వాకిలి దాకా నడుస్తున్నాను. మా తమ్ముడు మెచ్చుకోడు, వాకిలి దాటితే కోప్పడతాడు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదంటే నమ్ము. ఒక మాట కోసం నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయింది! అటక మీది నిఘంటువులు దింపించాను. దుమ్ముకు తుమ్ములు వచ్చాయి. మూడు మాటలు రాసుకుని రెండు కొట్టేశాను. మిగిలింది ఇది.

అతంద్ర.

తంద్ర అంటే కునుకు, మందకొడితనం, ఒంటి మీదికి వచ్చే బద్ధకపు మత్తు. అది లేనిది అతంద్ర. మగవాడైతే అతంద్రుడు. పనిలో కూర్చున్నాక కునుకు ఎరగని, అలుపు ఎరగని మనిషి. పలికి చూడు, నాలుక పైకి లేచి గట్టిగా దిగుతుంది. ఇంత చిన్న మాటలో అంత పట్టుదల ఉంది. నా ముప్పై రెండేళ్ళ పాఠాల్లో ఈ మాట ఎదురైన చోట్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మామూలు మాటల్లో ఎవరూ వాడరు. వాడుక గురించి చెప్పాల్సింది ఇంకొంత ఉంది, కానీ బిరుదుకు ఇంతవరకు చాలు.

మీ సారుకు చెప్పు, దీన్ని రాసేటప్పుడు సున్నా మరిచిపోవద్దని. బోర్డు ఫోటో తీసి పంపించు, మా తమ్ముడి ఫోన్‌లో పెద్దది చేసుకుని చూస్తాను.

మీ అమ్మకు పొద్దున పూట గోరువెచ్చని నీళ్ళు తాగమను. ఆ దగ్గును అశ్రద్ధ చేయవద్దు.

ఆశీస్సులతో,
సావిత్రి


కాశిబుగ్గ, వరంగల్
ఫిబ్రవరి 9

పూజ్యులు సావిత్రి టీచర్ గారికి,
నమస్కారాలు.

బోర్డు వచ్చింది! ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు. సున్నా ఉంది, నేను దగ్గరుండి చూసుకున్నాను. శశాంక్ సార్ నన్ను అందరి ముందు నిలబెట్టి "ఈ మాట మన స్నేహలత తెచ్చింది" అని చెప్పారు.

భవాని వదిన వెంటనే అందుకుంది. "ఏందే, అతంద్రనా? నోరు తిరుగుతలేదు. పిలిస్తే పలకాల్నా, గిది బిరుదా, బీమారా?" అందరూ పడీ పడీ నవ్వారు. ఇంకొకామె, "నాకొద్దవ్వా, నేను మధ్యాన్నం తిన్నంక కునుకు తీస్త" అంది. ఆ రోజు అంతా నవ్వులే.

పద్ధతి ఇది. నా పుస్తకంలో ఒక కొత్త వరుస గీశారు. భోజనం వేళ, నీళ్ళ వేళ కాకుండా ఎవరైనా లేస్తే వాళ్ళ పేరు ఎదురుగా ఒక గీత పెట్టాలి. నెలాఖరుకు ఎవరికి తక్కువ గీతలు ఉంటే వాళ్ళే అతంద్ర. లేవవద్దని ఎవరూ అనరు. శశాంక్ సార్ స్వయంగా చెప్పారు, "ఎవరిష్టం వాళ్ళదమ్మా" అని. ఫ్యాన్లు కూడా పెట్టిస్తానన్నారు. ఫ్యాన్ల మనిషి ఇంకా రాలేదు.

మొదటి రోజు అమ్మ గంప బోర్లించింది. సగం మందే ఎప్పటిలా లేచారు. సగం మంది అద్దంలోంచి నా చేతిలోని పెన్ను వైపు చూశారు. నేను ఏం చేయాలో తెలియక గీతలు పెట్టాను. అమ్మకే మొదటి గీత. సాయంత్రం నడుస్తూ చెబితే నవ్వింది. "పెట్టు బిడ్డా, నీ కొలువు నువ్వు చెయ్యి" అంది.

ఇంటికి వచ్చాక ఆ మాట రాసి చూపించమంది. పలక లేదు, గ్యాస్ బిల్లు వెనకాల పెద్ద అక్షరాలతో రాశాను. వేలితో దిద్దింది. "గీ మాట నువ్వే తెచ్చినవా?" అంది. టీచర్‌ని అడిగి తెచ్చానన్నాను. "మనింట్ల ఇంతకు ముందు ఎవలన్న మాట తెచ్చిండ్రా! బియ్యం తెచ్చిండ్రు, కట్టెలు తెచ్చిండ్రు" అంది. ఆ కాగితం మడిచి పోపుల డబ్బాలో పెట్టుకుంది.

ఈ వారం గంప రెండే సార్లు బోర్లింది. కోతలయ్యి కొత్త కాయ వస్తోంది, ఘాటు ఎక్కువగానే ఉంది. పని మాత్రం బాగా సాగుతోంది.

మీ విద్యార్థిని,
స్నేహలత


రఘునాథపల్లి
ఫిబ్రవరి 17

చిరంజీవి స్నేహలతకు,

బోర్డు ఫోటో చూశాను. అక్షరాలు బాగున్నాయి. చూసి సంతోషించాను కూడా. ఆ తర్వాత నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటు, పోదు.

జనవరి ఉత్తరంలో మీ అమ్మ దమ్ము గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఫిబ్రవరి ఉత్తరంలో ఒక్కటి లేదు. ఘాటు ఎక్కువైందని రాశావు. గంప రెండే సార్లు బోర్లిందని రాశావు. ఈ రెండు సంగతుల మధ్య ఏం జరుగుతోందో రాయలేదు. అంటే ఘాటు పెరిగినా మీ అమ్మ కూర్చునే ఉంటోందా? ఆమె కూర్చుంటే మిగిలిన వాళ్ళకు లేవాల్సిన వేళ ఎట్లా తెలుస్తోంది?

ఆమెకు బిరుదు వద్దని చెప్పు. ఆమె పని వేరే. ఆ షెడ్డులో గంప బోర్లించే మనిషి ఒకరు ఉండాలి.

ఈ ప్రశ్నలకు జవాబు రాయి. బోర్డు ఎట్లా ఉంది, సారు ఏమన్నారు అన్నవి రాయనక్కర్లేదు.

సావిత్రి


కాశిబుగ్గ, వరంగల్
మార్చి 10

పూజ్యులు సావిత్రి టీచర్ గారికి,
నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, క్షమించండి. సీజన్ పని.

మీరు కోప్పడ్డట్టు అనిపించింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ బలవంతపెట్టడం లేదు టీచర్. అమ్మే కావాలనుకుంది. మొదటి వారం తర్వాత ఆమెకు ఒక్క గీత పడలేదు, ఫిబ్రవరి నెలకు అతంద్ర ఆమే.

ఒకటో తారీఖున బిళ్ళ ఇచ్చారు. శశాంక్ సార్ చప్పట్లు కొట్టించారు. ఫోటో తీసేటప్పుడు అమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది, ఫోటోలో చాలా నిటారుగా వచ్చింది. ఆమెకు అక్షరాలు రావు కదా, బోర్డు మీద తన పేరు ఏదో వేలు పెట్టి చూపించమంది. రోజూ లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు విడిచి దాన్ని ఒకసారి ముట్టుకుంటుంది. ఇంట్లో బిళ్ళను చింతపండుతో తోముతుంది. మొన్న వీధి చివర కూరగాయల ఆమెతో "నా బిడ్డ తెచ్చిన మాట, నాకే వచ్చింది" అని చెబుతుంటే విన్నాను. నా పట్టా వచ్చిన రోజు కూడా అంత సంతోషంగా మాట్లాడలేదు. అటువంటి మనిషిని వద్దని ఎట్లా అనేది?

మీరు అడిగారు కనుక రాస్తున్నాను. గంప బోర్లించక నెల కావస్తోంది. అమ్మ బోర్లించదు కాబట్టి ఎవరూ లేవరు. భవాని వదిన ఒక రోజు "సమ్మక్కా, కండ్లు మండుతానయ్, నీ మీటరు కరాబయిందా?" అని అరిచింది. అమ్మ తల ఎత్తలేదు. భవాని వదిన ఒక్కతే లేచి బయటికి వెళ్ళి, ఒంటరిగా నిలబడలేక రెండు నిమిషాల్లో తిరిగి వచ్చింది. నేను గీత పెట్టాను. నా వైపు చూడకుండా కూర్చుంది. అప్పటి నుంచి జోకులు వేయడం లేదు.

షెడ్డు ఇంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు. దగ్గితే ఘాటు లోపలికి పోతుంది, లేవాల్సి వస్తుంది. అందుకని అందరూ నోరు మూసుకుని దగ్గును మింగుతున్నారు. అద్దాల గదిలోంచి చూస్తే నలభై మంది భుజాలు మాత్రం ఒక్కసారిగా ఎగిరి పడుతుంటాయి. చప్పుడు ఉండదు.

అమ్మ దమ్ము గురించి. ఇంతకు ముందు షెడ్డు నుంచి ఇంటికి ఆగకుండా నడిచేది. ఇప్పుడు మూడు చోట్ల ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఎవరినో చూస్తున్నట్టు, ఏదో కొనాలన్నట్టు నటిస్తుంది. నేనూ నమ్మినట్టు నటిస్తాను. దవాఖానకు పోదామంటే "సీజన్ అయినంక" అంటుంది.

మార్చికి కూడా ఆమె పేరు ఎదురుగా ఇంతవరకు ఒక్క గీత లేదు.

మీ విద్యార్థిని,
స్నేహలత


రఘునాథపల్లి
మార్చి 18

చిరంజీవి స్నేహలతకు,

కోపం నీ మీద కాదు. ఇది ముందే రాయాల్సింది, నేను రాయలేదు.

వాడుక గురించి ఇంకొంత ఉందని అన్నాను గుర్తుందా? ఆ మాట నేను చూసిన చోట్లన్నీ మళ్ళీ తీసి చూశాను. ఒకచోట సూర్యుణ్ణి అన్నారు. ఒకచోట రెప్ప వేయని దేవతలను. ఒకచోట ఏళ్ళ తరబడి ఒంటికాలి మీద నిలబడ్డ తపస్విని. కూలి చేసుకునే మనిషిని అన్న చోటు ఒక్కటి లేదు. అలసట అనేదే లేనివాళ్ళ కోసం పుట్టిన మాట అది. ఒళ్ళున్న మనిషికి తగిలిస్తే, ఆ మనిషి తన ఒంటిని అబద్ధం చేసుకోవాలి. ఇది నాకు జనవరిలోనే తెలుసు. తెలిసీ రాయలేదు. నువ్వు అరుదైన మాట అడిగావు, నా దగ్గర ఉందని చూపించుకోవాలనిపించింది. మంచం మీద పడి ఉన్న ముసలి టీచరుకు అదొక పండుగ.

సరే. ఇప్పుడు చేయాల్సింది చూడు.

మాటలతో మీ అమ్మను లేపలేవు. నిన్ను ఆరో తరగతిలో చేర్చిన రోజు నాకు గుర్తుంది. దాఖలా కాగితం లేదని హెడ్మాస్టరు వెనక్కి పంపితే, సాయంత్రం దాకా ఆఫీసు గడప పక్కన కూర్చుంది. కాఫీ ఇచ్చినా ముట్టలేదు. మరునాడు మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. మూడో రోజు ఆయనే ఓడిపోయి నీ పేరు రాసుకున్నాడు. ఆమె పట్టు పట్టిందంటే అంతే.

కానీ పెన్ను నీ చేతిలో ఉంది. ఆమె పేరు ఎదురుగా నాలుగు గీతలు పెట్టు. లేచిందని రాయి. అబద్ధమే. నీకు అబద్ధాలు రాయవద్దని నేర్పిన నేనే చెబుతున్నాను. బిళ్ళ పోతుంది, రెండు రోజులు బాధపడుతుంది, మూడో రోజు మామూలుగా లేచి గంప బోర్లిస్తుంది. ఆ షెడ్డుకూ మంచిది.

నెలాఖరు దాకా ఆగవద్దు.

సావిత్రి


కాశిబుగ్గ, వరంగల్
ఏప్రిల్ 1

పూజ్యులు సావిత్రి టీచర్ గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. నాలుగు గీతలు చాలవేమోనని మంగళవారం నాడు మూడు, గురువారం నాడు నాలుగు పెట్టాను. నిన్న నెల ముగిసింది. బోర్డు మీద అమ్మ పేరు తుడిచి వేరే ఆమె పేరు రాశారు.

ఈ రోజు పొద్దున అమ్మ చెప్పులు విడిచి, చేయి ఎత్తి, ముట్టుకోబోయి ఆగింది. అక్షరాలు రాకపోయినా తన పేరు పొడవు తెలుసు. ఫోటో కూడా మారింది. తిరిగి నా గదికి వచ్చింది. అందరూ చూస్తున్నారు.

"నేనెప్పుడు లేసిన బిడ్డా?"

పుస్తకం తెరిచి గీతల మీద వేలు పెట్టాను. "మంగళవారం మూడుసార్లు, గురువారం నాలుగుసార్లు" అని చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

భవాని వదిన కూర్చున్న చోటు నుంచే అంది, "సమ్మక్క లేవంగ నేనైతే సూడలే. పక్కనే ఉన్న కదా."

కోప్పడుతుందనుకున్నాను టీచర్. పేచీ పెడుతుందనుకున్నాను. అమ్మ నా మీద కోప్పడలేదు, భవాని వదిన మీద కోప్పడింది. "నా బిడ్డ రాసింది. రాసింది అబద్ధమెట్లయితది? లేసే ఉంట. నాకే సోయి లేదు."

ఆ తర్వాత పుస్తకం వంక చూసి, మెల్లగా, తనలో తను అంది: "ఏడుసార్లు లేసిన్నా! గింత సోయి దప్పిన్నా!"

వెళ్ళి తన చోట కూర్చుంది. కాసేపటికి చూస్తే, చీర కొంగును పక్కనున్న మిరప బస్తా చెవికి ముడివేస్తోంది. ఎందుకని పరుగెత్తి అడిగాను. "సోయి లేకుండ లేస్తే కొంగు గుంజుతది. అప్పుడు నాకు ఎరుకైతది. మల్ల కూసుంట" అంది. చాలా మామూలుగా చెప్పింది, ఉపాయం దొరికిన మనిషిలాగా.

ఆ కొంగునే ఇంతకాలం ముక్కుకు అడ్డం కట్టుకునేది.

నేను నిజం చెప్పాలి. నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. చెబితే ఇక నేను రాసిందేదీ నమ్మదేమోనని భయం. ఆమె నన్ను చదివించింది ఆ నమ్మకంతోనే కదా. తన ఒంటి మాట కాదని నా రాతను నమ్మింది. దాన్ని ఆమె ముందే ఎట్లా చింపేయను? రెండు రోజులు ఆగి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మెల్లగా చెబుతాను.

ఏం చేయాలో రాయండి. త్వరగా రాయండి.

స్నేహలత


రఘునాథపల్లి
ఏప్రిల్ 5

స్నేహా,

ఈ కాగితం చేతిలో పడిన క్షణం లేచి వెళ్ళి చెప్పు. ఎవరూ లేని వేళ కోసం చూడకు. అందరి ముందే చెప్పు. నేను చెప్పమంటే రాశానని చెప్పు, తప్పు నాది అని చెప్పు. ఆ ముడి విప్పించు.

నీ నంబరుకు మా తమ్ముడితో ఫోన్ చేయించాను. ఎప్పుడు చేసినా స్విచాఫ్ అని వస్తోంది. పోస్టు ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. పద్నాలుగో తారీఖు సోమవారానికి కారు మాట్లాడమని తమ్ముడిని అడిగాను. మోకాలు ఏమైనా కానీ.

సావిత్రి


దవాఖాన, వరంగల్
ఏప్రిల్ 12

టీచర్ గారికి,

మీ ఉత్తరం నిన్న శుక్రవారం భవాని వదిన తెచ్చి ఇచ్చింది. జరిగింది గురువారం.

మీరు సోమవారం వస్తే ఇంటికి వెళ్ళకండి. పెద్ద దవాఖాన, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మూడో మంచం. రాకముందే మీకు తెలియాలని ఇది రాస్తున్నాను; నా ఫోన్ పాడైంది, భవాని వదిన ఫోన్‌లో ఫోటో తీసి మీ తమ్ముడి గారి నంబరుకు పంపిస్తాను. ఇక్కడ కూర్చుని చేయడానికి వేరే పని లేదు.

నేను చెప్పలేదు టీచర్. రెండు రోజులన్నాను, తొమ్మిది రోజులయ్యాయి. రోజూ సాయంత్రం నడిచేటప్పుడు చెబుదామనుకునేదాన్ని. ఆమె ఐదు చోట్ల ఆగేది. ఆగినప్పుడు మాట్లాడితే జవాబు చెప్పడానికి ఊపిరి చాలదని ఊరుకునేదాన్ని.

గురువారం మధ్యాహ్నం మూడింటికి కారం మిషన్ బెల్టు తెగింది. లోపలివాళ్ళు పొగలో ఏమీ కనబడక మధ్య తలుపు తెరిచారు. ఎర్రటి పొడి షెడ్డంతా లేచింది. ఎవరూ గంప కోసం చూడలేదు. చూడడం ఎప్పుడో మానేశారు. ఒకరి మీద ఒకరు పడి బయటికి పరుగెత్తారు. నేను అద్దాల గది తలుపు బిగించుకుని, ముక్కు మూసుకుని వాళ్ళను చూస్తున్నాను. పంచన భవాని వదిన అందరి ముఖాలూ చూసి గట్టిగా అరిచింది. "సమ్మక్కేది?"

నేను గది తలుపు తీసుకుని, ఆమె పంచ నుంచి, ఇద్దరం లోపలికి పోయాం. ఆమె తన చోటనే ఉంది. లేవబోయింది. కొంగు గుంజింది. మళ్ళీ కూర్చుంది. అంతే జరిగి ఉంటుంది, అట్లాగే కూర్చుని ఉంది, ఒళ్ళో గంపతో. రెండు ముళ్ళు వేసుకుంది. నా వేళ్ళకు ఊడి రాలేదు. భవాని వదిన ఆ కారపు గుడ్డను పళ్ళతో కొరికి తెంపింది. ఆమె పెదాలు ఇంకా పొక్కి ఉన్నాయి.

డాక్టరు రెండు రోజులు గడవాలన్నాడు. ఊపిరితిత్తుల్లో చాలా కాలం నుంచి ఉందన్నాడు. ఇన్నాళ్ళు ఎట్లా పనిచేసిందని అడిగాడు.

ఈ పొద్దున శశాంక్ సార్ పండ్లు తీసుకుని వచ్చారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి, అబద్ధం కాదు. ఫ్యాన్లు ఈ వారమే పెట్టిస్తానన్నారు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు: "ఈ నెల బిళ్ళ మీ అవ్వకే ఇద్దాం స్నేహా. అందరు లేసి ఉరికిండ్రు. ఆమె ఒక్కతే లేవలే." ఓదార్పుగానే అన్నారు. భవాని వదిన విని, ఆయన తెచ్చిన పండ్ల సంచి తీసుకెళ్ళి గేటు బయట పెట్టి వచ్చింది.

ఆయన వెళ్ళాక అమ్మ కళ్ళు తెరిచింది. నేను మీ ఉత్తరం చేతిలో పట్టుకుని చెప్పాను. వార్డులో అందరూ ఉన్నారు. "అవ్వా, నువ్వు లేవలే. ఒక్కసారి గూడ లేవలే. ఆ ఏడు గీతలు నేను అబద్ధం రాసిన." టీచర్ చెప్పారని చెప్పలేదు. రాసింది నేను.

మాస్కు వెనక ఆమె ముఖం మారింది. కోపం వస్తుందని ఎదురుచూశాను. ఆమె నా వైపు చూస్తూ, ఒక్కో మాటకు ఆగి ఆగి, "లేవలేనా?" అంది.

"లేవలే."

"నేననుకున్న." నవ్వింది టీచర్. తన ఒళ్ళు తనకు తిరిగి దొరికినట్టు నవ్వింది. ఇంకొంచెం ఊపిరి కూడగట్టుకుంది. "మరి పేరు… మల్ల రాస్తరా బిడ్డా?"

రాస్తారని చెప్పాను.

కళ్ళు మూసుకుంది. అప్పటి నుంచి తెరవలేదు. కానీ వేళ్ళు నిన్నటి నుంచీ దుప్పటి అంచు పట్టుకుని కదులుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గిల్లడం, పక్కకు వేయడం, మళ్ళీ గిల్లడం. తొడిమెలు తీస్తున్నట్టే. ప్రాణవాయువు చాలక అట్లా చేస్తారని నర్సు చెప్పింది. నిన్న మధ్యాహ్నం నేను ఆ చేతులు పట్టుకుని ఆపబోయాను. "సాలవ్వా, సాలు" అన్నాను. నా చేతిలో కూడా కదులుతూనే ఉన్నాయి.

ఈ రోజు పట్టుకోవడం లేదు. పొద్దుటి కంటే నెమ్మదిగా కదులుతున్నాయి. ఇది రాస్తూ ఒక్కో వరుసకు ఒకసారి తల ఎత్తి చూస్తున్నాను, ఆగలేదు కదా అని.

స్నేహలత